పాట మధ్యలో మారే శ్రుతి

ఒక పాట ఏ స్వరస్థానాన్ని షడ్జమంగా నిలుపుకుని నడుస్తుందో అదే ఆ పాట శ్రుతి. పాశ్చాత్యులు దాన్ని కీ అంటారు. పాట సాగుతుండగా ఆ షడ్జమం ఉన్న చోటు విడిచి మరో చోటికి జరిగితే అది కీ ఛేంజ్, అంటే శ్రుతి మార్పు. పాశ్చాత్య జనప్రియ గీతంలో ఈ పద్ధతికి సుమారు వందేళ్ల చరిత్ర ఉంది. మొదట అది స్వరకర్త పాట లోపల దాచిన నేర్పు. తర్వాత గాయకుల కంఠబలాన్ని చాటే ఘట్టం. మరికొంత కాలానికి అందరూ ముందే ఊహించగలిగే అలవాటు. చివరికి అమెరికాలో అగ్రస్థానానికి చేరే పాటల్లో దాదాపు కనిపించకుండా పోయింది. ఏళ్ల తరబడి విన్న పాటలోనే ఒకనాడు ఈ మార్పు హఠాత్తుగా చెవిన పడి శ్రోత ఉలిక్కిపడటం కద్దు. ఆ ఆశ్చర్యం వెనక చెవి తీరుతో పాటు వాద్యాల చరిత్రా, పాటల వ్యాపారమూ ఉన్నాయి.

షడ్జమం కదలడం

హార్మోనియం తెలిసినవారికి ఈ లెక్క సులువు. పాశ్చాత్యుల సి మనకు ఒకటో శ్రుతి, డి రెండు, ఇ మూడు, ఎఫ్ నాలుగు, జి ఐదు, ఎ ఆరు, బి ఏడు. నడుమ ఉండే నల్లమెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. తెల్లవీ నల్లవీ కలిపి ఒక స్థాయికి 12 మెట్లు. ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకు ఉన్న దూరాన్ని పాశ్చాత్యులు సెమీటోన్ అంటారు. గాయకుడి గొంతును బట్టి పాట ఎత్తుకోకముందే శ్రుతి ఎంచుకోవడం అన్ని సంగీతాల్లోనూ ఉన్నదే. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి చేసేది అదే. ఇక్కడ చెప్పుకుంటున్నది పాట సగంలో జరిగే మార్పు.

కర్ణాటక సంగీతంలో తంబురా మోగుతున్నంతసేపూ షడ్జమం కదలదు. రాగమాలికలో ఒక రాగం తర్వాత మరో రాగం వస్తుంది, స్వరాలు మారతాయి, షడ్జమం మాత్రం అక్కడే ఉంటుంది. గ్రహభేదంలో స్వరాలు అవే ఉంటాయి; వాటిలో మరొకదాన్ని షడ్జమంగా భావిస్తారు. మోహన స్వరాల్లో రిషభాన్ని షడ్జమం చేసుకుంటే మధ్యమావతి, గాంధారాన్ని చేసుకుంటే హిందోళం, పంచమాన్ని చేసుకుంటే శుద్ధసావేరి పలుకుతాయి. పాప్ పాటల్లో ఎక్కువగా వినిపించే శ్రుతి మార్పు ఈ రెండింటికీ భిన్నమైనది. అక్కడ వరస అదే, చాలాసార్లు మాటలూ అవే. షడ్జమంతో సహా స్వరాలన్నీ మూకుమ్మడిగా పైకో కిందికో జరుగుతాయి.

మెట్లన్నీ సమానమైన కథ

ఒక శ్రుతి నుంచి మరో శ్రుతికి వెళ్లాలంటే వాద్యంలోని ప్రతి మెట్టూ షడ్జమంగా పనికిరావాలి. యూరప్‌లో పూర్వం వాడిన అమరికల్లో కొన్ని శ్రుతులు ఎంతో ఇంపుగా పలికితే, మరికొన్ని అపస్వరంలా వినిపించేవి. అందువల్ల స్వరకర్త తన పాటను దగ్గరి శ్రుతుల్లోనే తిప్పవలసి వచ్చేది. 17వ, 18వ శతాబ్దాల్లో ఈ అమరికలను క్రమంగా సర్దుతూ వచ్చారు. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1722లో 12 మెట్ల మీద మేజర్ (అంతర గాంధారంతో పలికేది), మైనర్ (సాధారణ గాంధారంతో పలికేది) రెండు తీరుల్లోనూ, అంటే మొత్తం 24 శ్రుతుల్లో, ప్రెల్యూడ్లు, ఫ్యూగులు రాసి ఒక సంపుటిగా కూర్చాడు. చక్కగా సర్దిన వాద్యం మీద ఏ మెట్టు నుంచైనా సంగీతం నడుస్తుందని చూపిన గ్రంథమది. తర్వాతి కాలంలో స్థాయిని 12 సమభాగాలు చేసే పద్ధతి పియానోకు స్థిరపడింది.

శ్రుతి మార్పుకు రెండో ఆధారం కార్డ్‌లు, అంటే ఒకేసారి పలికించే స్వరాల గుంపులు. ఒకే కార్డ్ రెండు మూడు శ్రుతులకు చెందవచ్చు. స్వరకర్త పాత శ్రుతిలో ఆ కార్డ్ దగ్గరికి వచ్చి, కొత్త శ్రుతి దారిన బయటికి వెళ్తాడు. శ్రోతకు ఎక్కడా కుదుపు తెలియదు. ఇది మెత్తని మార్పు. ఏ సిద్ధతా లేకుండా ఒక్కసారిగా దూకేది రెండో రకం. శాస్త్రీయ స్వరకర్తలు రెండింటినీ వాడారు. 1928లో మోరిస్ రావెల్ రాసిన బొలేరో పావుగంట దాకా ఒకటో శ్రుతిని వదలకుండా నడిచి, ముగింపుకు ముందు ఉన్నట్టుండి మూడో శ్రుతికి దూకి, మళ్లీ వెనక్కి వస్తుంది. అంతసేపు కదలని షడ్జమం కదలడమే ఆ ఘట్టానికి బలం.

న్యూయార్క్ పాటల వీధి

19వ శతాబ్దం చివర న్యూయార్క్‌లోని పశ్చిమ 28వ వీధి చుట్టూ పాటల ప్రచురణకర్తలు చేరారు. టిన్ పాన్ ఆలీ అని పేరుపడ్డ ఈ చోటు అమెరికా జనప్రియ గీతానికి పుట్టిల్లు. అప్పటి ఆదాయం అచ్చు వేసిన స్వరపత్రాల అమ్మకం మీద వచ్చేది. కొనేవారు ఇంట్లో పియానో వాయించుకునే మామూలు జనం. పాట వారి వేళ్లకు అందాలి, వారి గొంతుకు లొంగాలి. కనుక పెద్ద దూకుళ్లకు తావు తక్కువ.

ఆ హద్దులోనే గొప్ప స్వరకర్తలు తమ నేర్పు చూపారు. అప్పట్లో ఎక్కువగా వాడిన నిర్మాణం 32 తాళవిభాగాలది: ఎనిమిదేసి విభాగాలుగా ఒకే వరస రెండుసార్లు, తర్వాత బ్రిడ్జ్ అనే వేరే వరస, ఆపైన మొదటి వరస మళ్లీ. శ్రుతి మార్పు ఈ బ్రిడ్జ్‌లో వచ్చేది. జానీ గ్రీన్ 1930లో వరస కట్టిన బాడీ అండ్ సోల్ ఒకటిన్నర శ్రుతిలో నడుస్తుంది. బ్రిడ్జ్ దగ్గర ఒక మెట్టు ఎక్కి రెండో శ్రుతికి, అక్కడి నుంచి ఒకటో శ్రుతికి దిగి, తిరిగి ఒకటిన్నరకు చేరుతుంది. జెరోమ్ కెర్న్ 1939లో వెరీ వార్మ్ ఫర్ మే అనే సంగీత నాటకం కోసం చేసిన ఆల్ ద థింగ్స్ యూ ఆర్ ఇంకా ముందుకు వెళ్లింది. ఐదున్నరను ఆధారంగా పెట్టుకుని ఒకటి, రెండున్నర, ఐదు, మూడు శ్రుతులను చుట్టి మళ్లీ ఐదున్నరకు వస్తుంది. ఆ పాటను కూనిరాగం తీసే మామూలు శ్రోతకు ఇన్ని శ్రుతులు తిరిగామన్న స్పృహే ఉండదు. జాజ్ వాద్యకారులు ఈ రెండు పాటలనూ దశాబ్దాలుగా మళ్లీ మళ్లీ వాయిస్తూ ఉండటానికి ఈ లోపలి ప్రయాణం ఒక ముఖ్య కారణం.

ఈ తరానికి శ్రుతి మార్పు వెళ్లి తిరిగి వచ్చే దారి. పాట ముగిసేసరికి షడ్జమం తన చోటికి చేరుకునేది.

రికార్డుల కాలం

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్వరపత్రాన్ని రికార్డు వెనక్కి నెట్టింది. ఇంట్లో వాయించగలరా లేదా అన్న చింత పోయింది. ఒక గాయకుడు ఒక గదిలో పాడిన తీరే పాటకు ఆఖరి రూపమైంది. శ్రుతి మార్పు కూడా కాగితం దిగి గొంతులోకి వచ్చింది.

1956లో మెంఫిస్‌లోని సన్ రికార్డ్స్ విడుదల చేసిన జానీ క్యాష్ పాట ఐ వాక్ ద లైన్ ఇందుకు మంచి ఉదాహరణ. అందులో చరణం చరణానికీ శ్రుతి మారుతుంది. ప్రతి చరణానికి ముందు క్యాష్ పెదవులు మూసి తీసే సన్నని నాదంతో కొత్త శ్రుతిని పట్టుకుంటాడు. చివరి చరణం మొదటి చరణం శ్రుతికే వస్తుంది కానీ ఒక పూర్తి స్థాయి కింద. ఒకే గొంతు ఎంత లోతుకు దిగగలదో ఆ చరణం చూపుతుంది. నిలకడ గురించి మాట ఇచ్చే పాటలో షడ్జమం ఇన్నిసార్లు కదిలి, చివరకు మొదలుపెట్టిన స్వరానికే చేరడం అర్థవంతమైన అమరిక.

1959లో బాబీ డారిన్ పాడిన మ్యాక్ ద నైఫ్ పైకి ఎక్కే దారి పట్టింది. కుర్ట్ వైల్, బెర్టోల్ట్ బ్రెష్ట్ 1928లో బెర్లిన్‌లో ప్రదర్శించిన త్రీపెన్నీ ఒపెరాలోని పాట ఇది. ఒక హంతకుడి నేరాల జాబితా. వరస చిన్నది, మార్పు లేకుండా తిరుగుతూ ఉంటుంది. డారిన్ రికార్డులో బ్యాండ్ ఒక్కో మెట్టు చొప్పున శ్రుతి పెంచుకుంటూ పోతుంది. వరసలో లేని ఉత్కంఠను శ్రుతి తెచ్చిపెట్టింది. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో ఆ పాట తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

డెట్రాయిట్, లివర్‌పూల్

1960లలో శ్రుతి మార్పు పాప్ పాటలో బాగా పాదుకుంది. డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థకు స్మోకీ రాబిన్సన్, రోనాల్డ్ వైట్ రాయగా టెంప్టేషన్స్ బృందం పాడిన మై గర్ల్ 1965లో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. ఒకటో శ్రుతిలో మొదలైన ఈ పాట, వయొలిన్ల ఘట్టం ముగిశాక రెండో శ్రుతిలో తిరిగి ఎత్తుకుంటుంది. రెండు మెట్ల ఎత్తు వల్ల అదే వరస, అదే గొంతు మరింత వెలుగుతో వినిపిస్తాయి. వాద్యాల ఘట్టం అడ్డుగా ఉండటంతో చాలామంది శ్రోతలు ఆ వెలుగును అనుభవిస్తారు కానీ కారణం గుర్తించరు.

లివర్‌పూల్ నుంచి వచ్చిన బీటిల్స్ ఈ పద్ధతిని పలు రకాలుగా వాడారు. 1964 నాటి అండ్ ఐ లవ్ హర్‌లో గిటార్ ఘట్టం దగ్గర పాట ఒక మెట్టు ఎక్కి, ఆ తర్వాతి చరణం ఆ ఎత్తులోనే సాగుతుంది. 1967 ఫిబ్రవరిలో విడుదలైన పెనీ లేన్ మరింత సున్నితమైనది. పాల్ మెకార్ట్నీ తన బాల్యపు లివర్‌పూల్ వీధి మీద రాసిన ఈ పాటలో చరణాలు ఏడో శ్రుతిలో, పల్లవి ఆరో శ్రుతిలో ఉంటాయి. పల్లవి రాగానే షడ్జమం రెండు మెట్లు దిగుతుంది. సాధారణంగా పల్లవి పైకి లేస్తుంది. ఇక్కడ శ్రుతి దిగినా పాట తేటపడుతుంది. చరణం నడుమ మేజర్ నుంచి మైనర్‌కు తిరిగి కొంత మసకబారి ఉండటం, పల్లవి నిండైన మేజర్‌లో తెరుచుకోవడం అందుకు కారణం. పాట చివర అదే పల్లవి ఏడో శ్రుతికి ఎక్కుతుంది. అంతవరకు వీధి వర్ణన ఒక శ్రుతిలో, దాన్ని తలచుకునే మనసు మరో శ్రుతిలో ఉన్నాయి. ఆఖరున రెండూ ఒకే షడ్జమం మీద నిలుస్తాయి. ఈ పాట ఇంట్లో రోజూ మోగినా ఈ అమరిక తెలియనివారు ఎందరో ఉంటారు.

ఆ రికార్డుకే రెండో ముఖంగా వచ్చిన స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్‌లో శ్రుతి కథ స్టూడియోలో జరిగింది. పాటను రెండు రకాలుగా రికార్డు చేశారు. ఒకటి నెమ్మదైనది, రెండోది వేగమైనది, పైగా ఎక్కువ శ్రుతిలో ఉన్నది. మొదటి దాని ప్రారంభం, రెండో దాని చివర కలపాలని జాన్ లెనన్ కోరాడు. రెండింటికీ శ్రుతీ కాలమూ వేరు. ఒక టేపును కాస్త వేగంగా, రెండోదాన్ని కాస్త నెమ్మదిగా తిప్పితే శ్రుతీ కాలమూ ఒకేసారి కలుస్తాయని నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీర్ జెఫ్ ఎమరిక్ గమనించి, 1966 డిసెంబరులో ఆ అతుకు వేశారు. అది పాటలో సుమారు ఒక నిమిషం దగ్గర వస్తుంది. ఫలితంగా ఆ పాట హార్మోనియం మీద ఏ మెట్టుకూ సరిగ్గా కుదరదు. ఆరుకూ ఆరున్నరకూ నడుమ ఉంటుంది.

చివరి పల్లవి

1970ల నుంచి శ్రుతి మార్పు ఎక్కువగా ఒకే చోట స్థిరపడింది. పల్లవి రెండు మూడుసార్లు వచ్చాక, ఆఖరుసారి ఒకటి రెండు మెట్లు పైకెత్తి పాడటం పరిపాటి అయింది. ఇక్కడ తిరిగి రావడం ఉండదు. పైకెక్కిన పాట పైనే ముగుస్తుంది. దీని మూలాల్లో ఒకటి అమెరికా నల్లజాతివారి చర్చి గానం. గాయకబృందం ఒకే పాదాన్ని తిరిగి తిరిగి పాడుతూ శ్రుతి పెంచుకుంటూ సభను ఉత్సాహంలో ముంచే పద్ధతి అక్కడ ఉంది. మైకేల్ జాక్సన్ మ్యాన్ ఇన్ ద మిరర్ దాన్ని నేరుగా తెచ్చుకుంది. 1987 నాటి బ్యాడ్ ఆల్బమ్‌లోని ఈ పాటలో ఆండ్రే క్రౌచ్ చర్చి గాయకబృందం పాల్గొంది. ఐదో శ్రుతి నుంచి ఐదున్నరకు పాట ఎక్కేది మార్పు అన్న అర్థం వచ్చే మాట దగ్గరే. మాటా స్వరమూ ఒకే పని చేసిన చోటది.

బాన్ జోవీ బృందం 1986లో చేసిన లివిన్ ఆన్ ఎ ప్రేయర్ చివరి పల్లవిని ఏకంగా మూడు మెట్లు ఎత్తింది, మూడో శ్రుతి మైనర్ నుంచి ఐదో శ్రుతి మైనర్‌కు. అంతకు ముందున్న తాళవిభాగంలో ఒక దెబ్బ తగ్గించారు. నాలుగు దెబ్బలు లెక్కపెట్టుకుంటున్న చెవికి మూడింటికే కొత్త శ్రుతి ఎదురవుతుంది. శ్రుతిలో ఆశ్చర్యం, కాలంలో ఆశ్చర్యం ఒకదాని మీద ఒకటి పడటం వల్ల వందసార్లు విన్నవారికి కూడా ఆ ఘట్టం కొత్తగానే తగులుతుంది.

ఈ పద్ధతికి శిఖరం 1992లో వచ్చింది. డాలీ పార్టన్ రాసి 1974లో విడుదల చేసిన ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ పాటను ద బాడీగార్డ్ సినిమా కోసం విట్నీ హ్యూస్టన్ పాడింది. నిర్మాత డేవిడ్ ఫాస్టర్. వాద్యాలేవీ లేకుండా ఒంటరి గొంతుతో మొదలయ్యే ఈ పాట ఆరో శ్రుతిలో నడుస్తుంది. శాక్సఫోన్ ఘట్టం తర్వాత పాట సన్నగిల్లి, ఒక్క క్షణం అంతా ఆగుతుంది. ఒక డ్రమ్ దెబ్బ, ఆ వెంటనే పల్లవి ఏడో శ్రుతిలో నిండు గొంతుతో ఎత్తుకుంటుంది. ఇక్కడ కొత్త శ్రుతికి దారి చూపే కార్డ్ లేదు, మౌనమే దారి. ఆ పాట బిల్‌బోర్డ్ పట్టికలో 14 వారాలు మొదటి స్థానంలో ఉంది.

విజయం అనుకరణను పెంచింది. ఐర్లండ్ బృందం వెస్ట్‌లైఫ్ ప్రదర్శనల్లో శ్రుతి మారే క్షణాన గాయకులు కూర్చున్న ఎత్తు పీటల మీంచి లేచి నిలబడటం ఒక గుర్తుగా మారింది. 1956 నుంచి జరుగుతున్న యూరోవిజన్ పాటల పోటీలో చివరి పల్లవి పెంచడం దాదాపు ఆనవాయితీ అయింది. ఇలాంటి మార్పుకు విమర్శకులు ట్రక్ డ్రైవర్ గేరు అని పేరు పెట్టారు. పాటలో కొత్త ఊహ లేనప్పుడు శ్రుతి పెంచి ఉత్సాహం నటిస్తున్నారన్నది వారి ఆక్షేపణ. రావడం ముందే తెలిసిన మార్పుకు ఆశ్చర్యపరిచే శక్తి ఉండదు గనుక ఆ ఆక్షేపణలో న్యాయం ఉంది.

తగ్గుముఖం

అమెరికన్ రచయిత క్రిస్ డల్లా రీవా బిల్‌బోర్డ్ అగ్రస్థాన గీతాలన్నీ విని చేసిన లెక్క ప్రకారం, 1958 నుంచి 1990 దాకా వాటిలో దాదాపు నాలుగో వంతు పాటల్లో శ్రుతి మారింది. 2010 నుంచి 2020 దాకా అలాంటిది ఒక్కటే, ట్రావిస్ స్కాట్ 2018లో చేసిన సికో మోడ్.

అందుకు ఆయన చూపిన కారణాలు రెండు. హిప్‌హాప్ ప్రధాన సంగీతం కావడం మొదటిది. అందులో బలమంతా లయలో, మాటలో, శబ్దపు రంగులో ఉంటుంది. షడ్జమం కదిలినా ర్యాప్ చేసే గొంతుకు పెద్ద తేడా రాదు. కంప్యూటర్‌లో పాట కట్టే తీరు రెండోది. పూర్వం స్వరకర్త పియానో ముందు కూర్చుని మొదటి నుంచి చివరకు పాటను నడిపేవాడు, ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలన్నది అతని ప్రశ్న. కంప్యూటర్ తెర మీద ఒక చిన్న తునకను చేసి, దాన్ని పదేపదే అతికించి, దాని మీద పొరలు పేరుస్తారు. అలా కట్టిన పాటలో కొత్తదనం పొరలు చేర్చడంలో, తీసేయడంలో వస్తుంది.

ఈ కాలంలోనే బియాన్సే 2011లో లవ్ ఆన్ టాప్ పాడింది. 1980ల పాటలకు నమస్కారంగా చేసిన ఈ పాటలో చివరి పల్లవి నాలుగుసార్లు శ్రుతి మారుతుంది, ఒకటి నుంచి ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు. ఇక ఆగిందనుకున్న ప్రతిసారీ మరో మెట్టు ఎక్కుతుంది. అందరికీ తెలిసిన ఆనవాయితీని ఎవరూ ఊహించనంత దూరం తీసుకుపోవడం ద్వారా ఆమె దానికి పోయిన ఆశ్చర్యాన్ని తిరిగి ఇచ్చింది.

చెవి చేసే పని

శ్రుతి మార్పు ఎందుకు తాకుతుందో మనోవిజ్ఞానం కొంత వివరించింది. కారల్ క్రమ్‌హాన్సల్ 1979 నుంచి 1982 వరకు సహచరులతో కలిసి ప్రచురించిన పరీక్షల్లో, కొన్ని స్వరాలు విన్న తర్వాత శ్రోత ఆ సందర్భానికి ఏ స్వరం ఎంత కుదురుతుందో చెప్పగలిగాడు. షడ్జమానికి పెద్దపీట, తర్వాత పంచమ గాంధారాలు. అంటే తంబురా మోగకపోయినా చెవి తనకు తానే ఒక ఆధారాన్ని నిలుపుకుంటుంది. షడ్జమం జరిగినప్పుడు ఆ లెక్కంతా ఒక్కసారిగా మళ్లీ వేసుకోవలసి వస్తుంది. శ్రోత ఉలికిపాటుకు కారణం ఇదే. డానియెల్ లెవిటిన్ 1994లో ప్రచురించిన పరిశోధనలో, సంగీతం నేర్వనివారు కూడా తమకు నచ్చిన పాటలను అసలు రికార్డు శ్రుతికి దగ్గరగా పాడారు. మామూలు శ్రోత జ్ఞాపకంలో వరసతో పాటు శ్రుతి కూడా ఉంటుందన్నమాట.

చెవికి తెలిసినా మనసుకు తట్టకపోవడానికి కారణాలున్నాయి. మాట మనసును లాగుతుంది, వాద్యఘట్టం పాత షడ్జమాన్ని మరిపిస్తుంది, ఉమ్మడి కార్డ్ అతుకును కప్పేస్తుంది. తెలుసుకోవడానికి మార్గం తేలిక. పాట మొదట్లో షడ్జమాన్ని గొంతులో పట్టుకుని చివరి వరకు సన్నగా పలుకుతూ ఉంటే, పాట ఎక్కడ దాన్ని విడిచిపోయిందో అక్కడ అపస్వరం వినిపిస్తుంది. సంగీతం నేర్చే పిల్లలకు ఇంతకంటే మంచి శ్రుతిజ్ఞాన సాధన తక్కువ.

ఈ చరిత్ర ఒక తీర్పుకు చాలినంత ఆధారం ఇస్తుంది. పెనీ లేన్‌లో జ్ఞాపకానికీ, మ్యాన్ ఇన్ ద మిరర్‌లో సంకల్పానికీ, విట్నీ పాటలో వీడ్కోలు వేదనకూ శ్రుతి మార్పు అక్కరకు వచ్చింది. అందుకే అవి నిలిచాయి. అవసరం లేకుండా పెంచిన పాటలు వాటి కాలంతోనే పోయాయి. పాట చెప్పదలచుకున్నది పాత షడ్జమం మీద ఇక ఇమడనప్పుడే శ్రుతి మారాలి.